తవుడు గోదాములో మా బ్యాండు

ముక్కిన తవుడు వాసన ఎక్కడ తగిలినా నేను ఇప్పటికీ ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటాను. ఎనభైల చివర్లో, సూర్యాపేటలో ఒక రైస్ మిల్లు వెనక, ఆ వాసన నిండిన గోదాములోనే మా బ్యాండు పుట్టింది. పాడేవాడిది సూర్యాపేట, గిటారువాడిది కోదాడ, డ్రమ్ము నాది. మాది చివ్వెంల మాదిగవాడ. వాయించడం మా నాయన డప్పు మీద నేర్చుకున్నాను. డ్రమ్ముకు తోలు తెచ్చి, నానబెట్టి, తాళ్లతో బిగించింది కూడా నేనే.

పాడేవాడు ఏదో పాత ఇంగ్లిషు పత్రికలో ఒక బ్రిటిష్ పాప్ బ్యాండు తొలినాళ్ల కథ చదివాడు. వాళ్లూ మాలాంటి పేదింటి పిల్లలేనట, నేలమాళిగల్లో చెమట కంపు మధ్య వాయించారట. రోజూ ఇదే పురాణం. తవుడు పురుగులు కాళ్ల మీద పాకుతున్నా నేను నోరు తెరుచుకుని వినేవాణ్ణి. మేమూ అలాగే పైకొస్తామని నమ్మాను.

ఇంతలో మిర్యాలగూడలో ఒక మిల్లు యజమాని ఇంట పెళ్లికి మా కచేరీ కుదిరింది. నా ప్రాణమంతా దాని మీదే. పెళ్లిళ్లలో మా నాయన ఎప్పుడూ పందిరి బయట నిలబడి కొట్టినవాడే. నేను స్టేజీ ఎక్కి, కూర్చుని కొట్టాలి.

పెళ్లి దగ్గరపడ్డాక పాడేవాడు నా భుజం మీద చెయ్యేశాడు.

"గా బ్యాండోళ్లు గూడ పేరు రాకముందు డ్రమ్మర్‌ను మార్చిండ్రు. మనం గూడ మార్సాలె. పరేషాన్ గాకు."

"నా వాయింపుల ఏం తక్కువైంది?" అన్నాను.

వాడు గోడకేసి చూశాడు. కోదాడవాడే నసిగాడు. "వాయింపు కాదురా. పెళ్లివాళ్లు ఎవరి పిల్లలని అడిగారు. నిన్ను భోజనాల బంతిలో కూర్చోబెట్టరంట."

ఛీ! కులం మాట కులం మాటగా చెప్పి ఉంటే నాలుగు తిట్టి పోయేవాణ్ణి. దానికి సముద్రం అవతలి కథ తెచ్చి అతికించాడే, ఆ నక్కజిత్తులకు ఒళ్లంతా కంపరమెత్తింది. నా టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టి తిన్నవాడే వాడు.

లేచి గుమ్మం దాకా వెళ్లాను.

"డ్రమ్ము ఈడనే ఉండనియ్యి, ఐతారం పెండ్లికి కావాలె" అన్నాడు వెనక నుంచి, ఏమీ జరగనట్టు.

వెనక్కి వచ్చి కూర్చుని తాళ్లు ఒక్కొక్కటే విప్పాను. తోలు ఊడదీసి చంకన పెట్టుకుని, చెక్క డొల్లను వాళ్ల కాళ్ల దగ్గరికి దొర్లించాను.

"గిది మీరే ఉంచుకోండ్రి. గీ తోలు మా మాదిగవాడది, మీ బంతిల గూసోదు."