అస్లీ సుర్మా రాయి

రాయి మూల విరిగిందన్న కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా భాభీ, అంటే మా బావగారి భార్య. నేను మేడ మీద కుట్టుమిషను దగ్గర ఉన్నాను. ఆమె మెట్లెక్కి వచ్చి, ఆయాసమైనా తీర్చుకోకుండా, "నీ నల్లరాయిని ఎవరో కొరికిండ్రు, పోయి చూస్కో" అంది.

"కొరుకుడేంది భాభీ?"

"ఎలుకనో మనిషో నాకేం తెల్సు. నేనైతే ముట్టలే. ముందే చెప్తున్న."

ఆ 'ముందే చెప్తున్న' దగ్గరే నాకు మొదటి అనుమానం పుట్టింది.

ఒక రాయికి మూల పోతే ఇంత రాయడం ఎందుకని మీరు అనుకోవచ్చు. ఆ మూల ఒక పసిబిడ్డ కళ్లలోకి పోబోయింది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ రాయి ఏమిటో చెప్పాలి. దాని పేరు గెలీనా. సీసం తీసేది అలాంటి రాళ్ల నుంచే. బల్గేరియాలో ఒక గని నుంచి వచ్చింది. చూడటానికి అరచేతిలో ఇమిడిపోతుంది, పట్టుకుంటే మాత్రం చెయ్యి కిందికి దిగుతుంది. చిన్నచిన్న చదరపు పెట్టెలు ఒకదాని పక్కలోంచి ఒకటి పుట్టుకొచ్చినట్టు ఉంటాయి. స్టీలు గిన్నెకు కాస్త పొగ పట్టినట్టు మెరుపు. ఎవరూ చెక్కలేదు, ఎవరూ సానబట్టలేదు. భూమి లోపల చీకట్లో తన మూలలు తానే తీర్చుకుని పెరిగింది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నా నోట సుభానల్లా తప్ప ఇంకో మాట రాలేదు.

నేను బడికి పోలేదు. అమ్మ ఖురాన్ చదవడం నేర్పింది. అబ్బా తెలుగు, లెక్కలు, తనకు వచ్చినంత ఇంగ్లీషు నేర్పాడు. ఆయన బావులు తవ్వేచోట కంప్రెషర్ నడిపేవాడు. రేగోడ్ దిక్కు నల్లరాయి పగిలినప్పుడు దాని కడుపులో తెల్లటి స్ఫటికాలు దొరికితే తువాలులో మూటగట్టి తెచ్చేవాడు. వాటి ముఖాలు లెక్కబెడుతూ నేను లెక్కలు నేర్చుకున్నాను. ఆ చదువుకు ఇవాళ్టికీ నమాజు తర్వాత అల్లాకు కృతజ్ఞతగా శుక్ర్ చేసుకుంటాను.

పెళ్లయి మెదక్ వచ్చాక రాళ్ల పిచ్చి పోలేదు, పెరిగింది. మా ఆయనకు గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది. కంటికి బిగించుకునే ఆయన భూతద్దం ఇప్పుడు ఎక్కువగా నా దగ్గరే ఉంటుంది. బట్టలు కుట్టిన పైసల్లో ఇంటికి పోగా మిగిలితే మొరాకో రాయో, పెరూ రాయో ఒకటి కొంటాను. ఆయన ఏనాడూ ఎందుకని అడగలేదు. అడిగేది భాభీయే. "ఖిల్లా నిండ రాళ్లే గదనే. మెదక్‌ల రాళ్లకు కరువొచ్చిందని పైసలిచ్చి తెప్పిస్తున్నవా?" అంటుంది.

ఈ కొనుగోళ్లలో అనుమానం లేనివాళ్లు మునుగుతారు. విరిగిన స్ఫటికాన్ని జిగురుతో అతికించి అమ్ముతారు. వంకాయరంగు రాయిని కాల్చి పసుపు చేసి వేరే పేరు పెడతారు. నల్లటి బండకు రంగు రాళ్లు గుచ్చి, పుట్టుకతోనే అలా ఉందంటారు. అందుకే పార్సిల్ రాగానే మొదట శుక్ర్ చేసుకుంటాను, వెంటనే పరీక్షకు కూర్చుంటాను. దొంగనోట్లు చూసే ఊదారంగు లైటు వేస్తే చాలా జిగుర్లు తెల్లగా బయటపడతాయి. గోళ్లరంగు తుడిచే మందులో దూది ముంచి రుద్దితే పైన పూసిన రంగు వదులుతుంది. అనుమానం మరీ ఎక్కువైతే సూది కాల్చి, కనబడని చోట గుచ్చుతాను, జిగురో ప్లాస్టిక్కో అయితే మెత్తబడుతుంది. హైదరాబాద్‌లో ఉండే వ్యాపారి, నాకు రాళ్లు తెప్పించి అమ్మే మనిషి, "ఆపా, మీరు పోలీసులల్ల ఉండాల్సినోళ్లు" అని నవ్వుతుంటాడు. అలా నవ్వేవాళ్ల రాళ్లను నేను ఇంకొకసారి చూస్తాను.

గెలీనా వచ్చిన రోజు ఇవన్నీ చేశాను. ఏదీ దొరకలేదు. భూతద్దం తీసి, ఇంట్లో అందరూ ఉండగా, "ఇది అస్లీ, నకలీ కాదు" అన్నాను.

ఇప్పుడు దాని మూల లేదు. కిందికి వచ్చి అద్దాల అల్మారా ముందు నిలబడ్డాను. పాత ముఖాలన్నీ మసకగా ఉన్నాయి. విరిగిన చోటు మాత్రం అద్దంలా తళతళలాడుతోంది, మెట్లుమెట్లుగా. వ్యాపారి మీదికి పోయింది మనసు. అతికించి అమ్మిన మూలేమో, ఊడిపోయిందేమో. లైటు వేశాను. జిగురు జాడ లేదు. ఫొటో తీసి అతనికే పంపి ఫోను చేశాను.

"ఆపా, గిది కొత్త దెబ్బ" అన్నాడు. "నా దగ్గర విరిగుంటే ఈపాటికి మసక పట్టుండె. ఏమనుకోకుండ్రి గని, జర ఇంట్లనే చూస్కోండ్రి."

భాభీ పక్కనే నిలబడి విన్నది. "నాకైతే గా కౌడిపల్లి సారు మీద డౌటు" అంది. ఆ సారు కూడా రాళ్లు దాచుకునే మనిషే. మొన్న వచ్చి గెలీనాను చేతిలో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "పోయేటప్పుడు ఆయన జేబు కిందికి గుంజుతుండె. నేను చూసిన."

నాకూ ఆ అనుమానం రాకపోలేదు. కానీ రాళ్లు దాచుకునేవాడు దొంగతనానికే వస్తే మొత్తం రాయి ఎత్తుకుపోతాడు. మూల విరగ్గొడితే రాయి విలువ పోతుందని అతనికి తెలుసు. విరగ్గొట్టింది ఎవరో గాని, వాళ్లకు ఈ రాయి అందం అక్కర్లేదు. అందులోని చిన్న ముక్క చాలు. ముక్కతో ఎవరికి ఏం పని?

ఆ వారం ఇల్లంతా హడావుడి. భాభీ కూతురు కాన్పుకు వచ్చి ఆడపిల్లను కన్నది. శుక్రవారానికి నలభై రోజులు నిండుతాయి, చిల్లా స్నానం. ఆ రోజు తల్లీబిడ్డలకు నీళ్లు పోశాక బిడ్డ కళ్లకు కాటుకలా పెట్టే పొడి, మొదటి సుర్మా, పెట్టడం మా ఇంట్లో ఫుప్పు హక్కు. ఫుప్పు అంటే మా ఆయన మేనత్త. అల్లాదుర్గ్‌లో పెరిగింది. ఉర్దూలో మొదలుపెట్టిన మాటను తెలుగులో ముగిస్తుంది. ఈ ఇంట్లో పుట్టిన పిల్లలందరికీ ఆమె చేతి సుర్మాయే.

సాయంత్రం చాయ్‌లోకి ఇలాచీ దంచుదామని చిన్న ఇత్తడి రోలు అందుకున్నాను. అడుగున ఏదో మెరిసింది. వేలు పెట్టి రాశాను. పెన్సిల్ రాసినట్టు బూడిదరంగు గీత వేలికి అంటింది. రోలును అలాగే గుడ్డలో చుట్టి పక్కన పెట్టి వాకిట్లోకి వచ్చాను.

ఫుప్పు మంచం మీద కూర్చుని కొంగుతో కళ్లు అదుముకుంటోంది.

"కండ్లేంది ఫుప్పూ, గంత ఎర్రగున్నయ్?"

"ఉల్లిగడ్డ కోసిన."

"ఇయ్యాల కూర నేనే కోసిన. నువ్వు వంటింట్లకే రాలే."

ఆమె కొంగు తీసి నా వంక చూసింది. "నీ మొగణ్ని గూడ గిట్లనే అడుగుతవా దుల్హన్? పాపం, పిలగాడు ఎట్ల కాపురం చేస్తుండో."

"రాయి మూల నువ్వు కొట్టినవా?"

"కొట్టిన. దొంగతనమైందా ఏంది? ఇంటి రాయి, ఇంటి బిడ్డ." బొడ్లోంచి చిన్న సుర్మా బుడ్డి, సుర్మాదాని, తీసి చూపించింది. "బజార్ల సుర్మా అంత నకలీ. ఏం కలుపుతరో అల్లాకే ఎరుక. మా నాయిన, బావాజాన్, హజ్ పోయొచ్చినప్పుడు తెచ్చిన రాయి గిట్లనే మెరుస్తుండె. నీ రాయి చూడంగనే గుర్తువట్టిన. అయినా ఊకె నమ్మలే. నువ్వు లైట్లు కొట్టినవ్, సూదులు గుచ్చినవ్, అందరి ముంగట అస్లీ అన్నవ్. నువ్వే అన్నంక ఇంకేం అనుమానం?"

అస్లీ అంటే అస్లీ సీసపు రాయి అని ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. సీసం పెద్దల ఒంట్లోకి పోయినా చేటే. పసిపిల్లలకైతే మెదడునే చెడగొడుతుంది.

"బిడ్డకు పెట్టినవా ఫుప్పూ?"

"లే."

"నిజం చెప్పు."

"కసమ్, పెట్టలే. రాయి మీద నాకు అనుమానం లేకుండె. నా చెయ్యి మీద ఉండె. ముసలి చెయ్యి, మంచిగ నూరిన్నో లేదో. గరుకుగుంటే పసిదాని కండ్లు గీక్కపోవా? అందుకే ముందుగాల నేను పెట్టుకున్న. నిన్నటి సంది ఒకటే మంట. ఇంక జర మెత్తగ నూరాలె."

ఇంకా నూరుతానంటోంది. సుర్మా ప్రవక్తగారు చూపిన అలవాటంటుంది; మజహబు మాటలతో ఆమెను గెలవలేను, నాకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. లోపలికి పోయి రాయి తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాను.

"గింత రాయికి గింత బరువెందుకు?" అని అడిగాను.

"అల్లా గట్ల చేసిండు."

"మీ బావాజాన్‌కు బందూక్ ఉండె అన్నవ్ గదా. దాంట్ల ఏసే ఛర్రాలు, గా చిన్న గుండ్లు, దేనితోని చేస్తుండె?"

"సీసంతోని."

"గీ రాయిని కరిగిస్తే వచ్చేది గదే."

ఆమె చాలాసేపు అరచేతిని కిందికీ పైకీ ఆడించింది. తర్వాత రాయిని మంచం మీద పెట్టి, చెయ్యి చీరకు తుడుచుకుంది. "పిట్టలను కొట్టేదా" అంది మెల్లగా. సుర్మాదాని నా చేతికిచ్చి, తనంతట తానే చెప్పులు వేసుకుంది. ఆటోలో దవాఖానకు పోయాం. డాక్టరమ్మ కళ్లు కడిగి, మందుచుక్కలు, నల్లద్దాలు ఇచ్చింది. పసిపిల్ల కళ్లలో సుర్మా, కాటుక ఏదీ వద్దని గట్టిగా చెప్పింది.

శుక్రవారం ఇల్లు చుట్టాలతో నిండింది. నల్లద్దాలతో కూర్చున్న ఫుప్పును చూసి ఆడవాళ్లు ఆగలేదు. "ఫుప్పు సినిమాలల్లకు పోతుందా ఏంది" అని ఒకామె, "డ్యూయెట్ ఎవనితోనో అడుగుండ్రి" అని ఇంకొకామె. స్నానాలయ్యాయి. బిడ్డను తెచ్చి ఫుప్పు ఒడిలో పెట్టారు. సుర్మా ఏదని అడిగారు.

భాభీ నా వైపు చూస్తూ, అందరికీ వినబడేలా అంది: "మా తోటికోడలికి పానం రాళ్ల మీదనే. మూల విరిగిందని కోపం, గందుకే సుర్మా బంద్ చేపించింది. అయితేంది, నేను బజార్లకెళ్లి తెప్పించిన." చిన్న డబ్బా ఫుప్పు ముందు పెట్టింది.

డాక్టరమ్మ మాట చెప్పబోయాను. నన్నెవరు నమ్ముతారు? రాయి మీద ఆశతో అంటోందనే అనుకుంటారు. నోటికొచ్చిన దువా చదువుకుంటూ నిలబడ్డాను.

ఫుప్పు నల్లద్దాలు తీసింది. కళ్లు రెండూ ఉబ్బి, రక్తం చిమ్మినట్టున్నాయి. నవ్వులు ఆగిపోయాయి.

"చూడుండ్రి, మంచిగ చూడుండ్రి. గిది నేను నూరిన సుర్మా. డబ్బాలదాంట్ల ఏమున్నదో ఎవరికెరుక? చూసినంక గూడ పెట్టుమంటరా? పెడితే నేనే పెట్టాలె, హక్కు నాది. నేను పెట్ట."

బిడ్డ నుదురు ముద్దుపెట్టుకుని తల్లికి అందించింది. భాభీ డబ్బా తీసుకుని, కూతురి ముఖం ఒకసారి చూసి, దాన్ని చెత్తలో పడేసి వచ్చింది.

ఆ పిల్ల ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. రక్తం పరీక్ష కూడా చేయించాం, ఏమీ లేదన్నారు. అల్‌హమ్దులిల్లా. ఫుప్పు కళ్ల ఎరుపు తగ్గింది గాని, చూపు మునుపటిలా లేదు. సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. డాక్టరమ్మ మోతిబిందు, అంటే కంటిలో శుక్లం అంటోంది, వయసుకు వచ్చేదే, రాయితో సంబంధం లేదంటోంది. నా అనుమానం నాకుంది. వచ్చే నెల ఆపరేషన్.

ఇది చదివినవాళ్లు ఏ దేవుడికి మొక్కేవాళ్లయినా సరే, మీ ప్రార్థనలో ఒక్కసారి మా ఫుప్పును తలుచుకోండి. తన చేతిని తానే నమ్మక, బిడ్డ కళ్లకన్నా ముందు తన కళ్లు ఒడ్డిన మనిషి.