నాన్న మీద పెట్టిన సాకు

1974 జూన్ 9, ఆదివారం, ఇస్నాపూర్. ఉన్నవారు: నాన్న, అన్న, మా గణితం సార్, నేను.

డైరీలో ఆ రోజు కింద ఇంతే ఉంది. మిగతాది రాయడానికి అప్పుడు చెయ్యి రాలేదు.

నాకు రెండు విశ్వవిద్యాలయాల్లో లెక్చరర్ ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి నా పరిశోధనకు గైడ్‌గా ఉన్న సార్ పనిచేసే శుద్ధ గణిత శాఖలో. రెండోది అనువర్తిత గణిత శాఖలో. బాయిలర్ల వేడి, గొట్టాల్లో నీటి ఒత్తిడి వంటి లెక్కలు అక్కడి పని. నాకోసం సార్ ఇంకొక అభ్యర్థిని ఆపి ఉంచారు. నా పరిశోధనలోని ముఖ్యమైన నిరూపణలో ఒక మెట్టు నిలవదని ఆ వేసవిలో నాకు తెలిసింది. సార్ గమనించలేదు. ఆయన శాఖలో చేరితే మొదటి సెమినార్‌లోనే బయటపడుతుంది. ఆ మాట చెప్పలేక, ‘మీ శాఖలో చేరడానికి మా నాన్న ఒప్పుకోవడం లేదు’ అని సార్‌కు ఉత్తరం రాశాను. నాన్నను ఒప్పించడానికి ఆయన బస్సెక్కి వస్తారనుకోలేదు.

నాన్న ఆయనకు కాళ్లకు నీళ్లిచ్చి, మంచం వాల్చి, తాను గడప దగ్గర కింద కూర్చున్నాడు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేసే అన్న ఊరుకోలేదు.

“శుద్ధ గణితమంటే కల్తీ లేనిదా సారూ? అయితే మావోడు కల్తీదాంట్ల చేరుతుండన్నట్టు!”

సార్ నవ్వి, నాన్న వైపు తిరిగారు. “మీరెందుకు వద్దంటున్నారండీ? మీవాడి బుర్రకి తగిన చోటు అదే.”

నాన్నకు ఆ శాఖల పేర్లే తెలియవు. నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

“నేనే వద్దన్న సారూ. సదువు లేనోన్ని. ఫ్యాక్టరీలకు పనికొచ్చేదే మంచిగనిపించింది.”

“నువ్వెప్పుడన్నవే నాయినా?” అన్నాడు అన్న.

“నువ్వు జెర ఊకో.”

సార్ చాలాసేపు బతిమాలారు. ప్రతి మాటకూ నాన్న తనకు తోచిన అబద్ధం చెప్పాడు. అంతకుముందు ఆయన అబద్ధమాడగా నేను వినలేదు. నేను నోరు విప్పితే ఆగిపోయేది. విప్పలేదు.

మర్నాడు పొద్దున్నే సార్‌ను బస్సెక్కించడానికి వెళ్లాం. సంచి నాన్నే మోశాడు.

“ఆ రెండో అబ్బాయికే కబురు పెడతాలే,” అన్నారు సార్ నా భుజం తట్టి. “పెద్దాయన మాట కాదనలేదు నువ్వు. మంచిపనే చేశావు.”

“మావోని మీద కోపం పెట్టుకోకుండ్రి సారూ,” అని నాన్న చేతులు జోడించాడు.

బస్సు పోయింది. ఇల్లు చేరేదాకా ఆయన నన్నేమీ అడగలేదు. వాకిట్లో చెప్పులు విడుస్తూ, “ఇగ జల్దీ కాయితం రాయి. గా రెండో నౌకరన్న పోకుండ,” అన్నాడు.