ఆవకాయలో పోసిన నూనె

కొన్నేళ్ల క్రితం మా ఆవకాయ పాడైంది నా భార్య చేతి తడి వల్లేనని చుట్టాలంతా అనుకుంటారు. అది నిజం కాదు.

అప్పట్లో నాకు ప్లాస్టిక్ కవర్ల మీద పంతం పట్టుకుంది. పటమటలోని మా ఇంటి నుంచి వన్ టౌన్ బజారుకి గుడ్డసంచులు తీసుకెళ్లి పప్పులు, ఉప్పు విడిగా తూయించుకునేవాణ్ణి. పచ్చళ్ల కాలం రాగానే నూనె ప్యాకెట్లూ వద్దనుకున్నాను. గానుగకి తీసుకెళ్లడానికి మా పొలం షెడ్డులోంచి ఒక తెల్లడబ్బా తెచ్చాను. పురుగుమందు వచ్చిన డబ్బా. చింతపండు వేసి, వేడినీళ్లతో వాసన పోయేదాకా కడిగాను. పారేస్తే అదీ ప్లాస్టిక్ చెత్తేగా అనుకున్నాను.

మామిడిముక్కల్లో నూనె పోస్తూ ఆవిడ ఆగింది.

"ఏవండీ, ఏదో వాసనొస్తోంది. డబ్బా ఎక్కడిది?"

"మంచినీళ్ల డబ్బాయే. ప్యాకెట్ నూనెకి అలవాటుపడ్డ ముక్కులు మనవి. గానుగ నూనె ఇలాగే ఉంటుంది."

మూడో రోజు తిరగకలిపి, ఒక జాడీ గన్నవరంలో ఉన్న మా అక్కకి పంపింది.

రెండు వారాలకి మళ్లీ నూనెకి వెళ్దామని డబ్బాలో నీళ్లు పోసి గిలకొట్టాను. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. స్ప్రే ట్యాంకులో మందు కలిపితే నీళ్లు అలాగే మారతాయి. ఆ డబ్బా పిడి లోపల బోలుగా ఉంటుంది. నేను కడిగింది అక్కడిదాకా వెళ్లలేదు.

వెంటనే బయల్దేరి నేను గన్నవరం చేరేసరికి అక్క జాడీ సగం ఖాళీ. అక్క మనవరాలు కడుపునొప్పితో మంచం మీద ముడుచుకుని ఉంది.

"ఎండ దెబ్బలేరా," అంది అక్క. "అన్నం పెట్టనా? ఆవకాయ బాగా కుదిరింది."

"వద్దక్కా. మా జాడీకి బూజు పట్టింది. తడిచేత్తో కలిపిందట. ఇదీ ఇచ్చెయ్."

"మాటకున్న పదును చేతికి లేదు మీ ఆవిడకి."

నేను నవ్వాను. పిల్లని డాక్టరుకి చూపించమన్నాను. ఎందుకో చెప్పలేదు.

ఇంటికొచ్చి, బూజు పట్టింది అక్క జాడీకని మా ఆవిడకి చెప్పి, మా జాడీ కూడా తీసుకెళ్లి గొయ్యి తీసి పూడ్చాను. పిల్ల తేరుకుంది. ఆవకాయ వల్లో, ఎండ వల్లో నాకు తెలియదు. ఇప్పటికీ ఆ పిల్లకి ఒంట్లో బాగాలేదని ఫోనొస్తే, కడుపునొప్పా అని ముందు అడుగుతాను.

నా అబద్ధాన్ని నా భార్య కూడా నమ్మింది. మళ్లీ ఆవకాయ పెట్టలేదు. అక్క పంపే జాడీ తెరిచేముందు చేతులు తుడుచుకుని చెంపకి ఆనించి చూసుకుంటుంది. నిన్న నాకూ చూపించింది.

"ఆరాయంటారా?"

చుట్టాలందరికంటే ముందు, ఇదంతా రాసిన ఈ కాగితం ఆ చేతుల్లోనే పెట్టాలి.