ఊ అంటే చాలదు

రేణిగుంట దగ్గర కొత్త డ్రైనేజీ పనికి వెళ్లే ఎస్తేరు పొద్దున్నుంచి నీళ్లు ముట్టదు. మ్యాన్‌హోలులో మనిషి ఉన్నంతసేపూ పైనున్న ఆమె కదలకూడదు, ఒంటికి పోవడానికి కూడా లేవకూడదు. మూడుకాళ్ల స్టాండు పక్కన గొంతుకూర్చుని, లోపలివాడి నడుము బెల్టుకు కట్టిన తాడు చుట్టే చక్రం పిడి పట్టుకుని, మాటిమాటికీ లోపలికి వంగి "ఉండావా?" అని అడుగుతుంది. లోపలివాడు "ఉండా" అని నోరారా పలకాలి. ఊ కొడితే ఒప్పుకోదు. "నీకేమన్నా కథ సెప్తా ఉండానా?" అని కసురుకుంటుంది.

మొన్న లోపలికి దిగింది ఆమె మరిది గిరి. పాత కాలువకు పైపు కలపడానికి గోడ కొడుతున్నాడు. "ఉండావా?" అంటే "ఊ" అన్నాడు. గట్టిగా మళ్లీ అడిగింది. మళ్లీ "ఊ"నే, ఈసారి సన్నగా. ఎస్తేరు చక్రం తిప్పడం మొదలుపెట్టింది.

"పలకతానే ఉండాడు కదమ్మా, పని సెడగొడతావా?" అన్నాడు మేస్త్రి మునిరత్నం.

"నిద్దట్లో బిడ్డ గూడా ఊ అంటాదన్నా. పట్టు!"

ఇద్దరూ కలిసి తిప్పితే గిరి పైకొచ్చాడు, తల ఎదమీదికి వాలిపోయి, నోటి పక్క చొంగ కారుతూ. లోపల గాలి చెడిందని అప్పుడుగానీ మేస్త్రికి తెలియలేదు. బెల్టు విప్పి, పక్కన గాలి తగిలేచోట పడుకోబెట్టి, 108కి ఫోన్ చేశాడు. బండి వచ్చేలోపే గిరి దగ్గి, కక్కి, కళ్లు తెరిచాడు.

"నడుము కోసుకుపొయ్యిందొదినా. మెల్లిగా లాగలేవా?"

మేస్త్రి నవ్వబోయి ఆగాడు. "ఇంక లోపల ఎవురూ లేరు, లేమ్మా" అన్నాడు. ఎస్తేరు లేవలేదు. పిడి మీద బిగుసుకున్న ఆమె వేళ్లు రావడం లేదు. గిరే పాక్కుంటూ వచ్చి, వాటిని ఒక్కొక్కటే విడదీశాడు.