సర్ బనీ యాస్ చర్చిలో కరుణ పిన్ని పాట

నా ఫోన్‌లో ఒక పాత చర్చి ఫొటో చూసిన దగ్గర్నుంచి కరుణ పిన్ని నన్ను వదల్లేదు. అబుదాబికి పడమరగా సముద్రంలో ఉన్న సర్ బనీ యాస్ దీవిలో, సుమారు పదమూడు వందల ఏళ్ల కిందట క్రైస్తవ సన్యాసులు కట్టుకున్న చర్చి అది. పిన్ని అబుదాబిలో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేది. ఆదివారం సెలవన్నది ఎన్నడూ దొరకలేదు. ఇంట్లోవాళ్ళకి వినపడకుండా వంటింటి కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో మందిరం పాటలు పాడుకునేది. వచ్చే వారం ఇక రాజోలు వెళ్ళిపోతోంది. ఈలోగా ఇక్కడి మందిరంలో ఒక్కసారి మోకరించాలని ఆవిడ కోరిక. సిటీలో ఉన్న చర్చికి తీసుకెళ్తానన్నా వినలేదు.

"వాళ్ళూ నాలాగే ఇళ్ళొదిలి వచ్చినోళ్ళే కదే. అక్కడికే తీసుకెళ్ళు."

తెల్లవారుతూనే జగిత్యాల నుంచి వచ్చిన డ్రైవరన్న ఒకతని కారులో అబుదాబి నుంచి బయల్దేరాం. జెబెల్ ధన్నా రేవుకి రెండున్నర గంటల పైనే పట్టింది. అక్కడి నుంచి దీవికి పడవ. హోటల్ గది తీసుకుంటే ఆ ఖర్చు అందులోనే కలిసిపోతుంది.

"చూసెటానికి పోతుండ్రా, మొక్కెటానికి పోతుండ్రా?" అన్నాడు డ్రైవరన్న.

"చూడ్డానికి ఇది. మొక్కడానికి నేను," అంది పిన్ని.

దీవిలో గైడ్ మలయాళీ కుర్రాడు. పగడపు రాయితో కట్టిన గోడలు ఇప్పుడు మోకాలెత్తున మిగిలాయి. మధ్యలో పొడవాటి హాలు, దానికి అటూ ఇటూ చెరో నడవ, తూర్పు కొసన బలిపీఠం ఉండే చోటు. చుట్టూ సన్యాసుల గదులు. గోడలకు సున్నంతో చేసిన శిలువలు ఉండేవట. పిన్ని ముందే చెప్పులు విప్పి, కొంగు తల మీదికి లాక్కుని, గోడ దాటబోయింది. లోపలికి వెళ్ళనివ్వరని గైడ్ హిందీలో నెమ్మదిగా చెప్పాడు. పిన్ని ముఖం వాడిపోయింది. కాసేపటికి, ఆడవాళ్ళు ఎటు కూర్చునేవాళ్ళో అడగమంది. ఇది మగ సన్యాసుల మఠమని, ఆడవాళ్ళ సంగతి ఎవరికీ తెలియదని అతనన్నాడు.

"అయితే ఎడంపక్క ఇన్నాళ్ళూ ఖాళీయేనన్నమాట," అంది పిన్ని.

మా ఊరి మందిరంలో ఎడమవైపు చాపల మీద ఆడవాళ్ళు, కుడివైపు మగవాళ్ళు. పల్లవి ఆడవాళ్ళెత్తుకుంటే మగవాళ్ళు అందుకునేవాళ్ళు. అమ్మ ఒళ్ళో తలపెట్టుకుని, ఆ పాట ఈ వైపు నుంచి ఆ వైపుకి వెళ్ళి తిరిగి రావడం వినేదాన్ని. కాలేజీలో చేరాక మందిరానికి వెళ్ళడం మానేశాను.

పిన్ని గోడ బయటే, ఎడమవైపు దారి మీద మోకరించింది. పల్లవి ఎత్తుకుంది. కుళాయి చప్పుడు లేకుండా ఆ గొంతు ఈ దేశంలో నేను వినడం అదే మొదలు. పల్లవి అయ్యాక ఆగింది. మా ఊళ్ళో ఆగినట్టే, అవతలివాళ్ళ కోసం. అవతల ఎవరూ లేరు. నేను చుట్టూ తిరిగి కుడివైపుకి వెళ్ళి, గుర్తున్నంత మేర అందుకున్నాను. సగం తప్పులే. పిన్ని కళ్ళు తెరవకుండానే నవ్వి, రెండో చరణంలోకి వెళ్ళింది.

పాతకాలపు కట్టడాలకు ఎందుకు వెళ్తావని స్నేహితులు అడుగుతుంటారు. రాళ్ళ కోసమే అనుకునేదాన్ని. ఆ కప్పులేని చర్చి గోడ పక్కన మాత్రం నాకు మా ఊరి చాపల వాసన తగిలింది. పిన్ని విమానం ఎక్కాక, షార్జాలో నేనుండే గదిలో చాలాసేపు ఆ పాటలో నాకు గుర్తురాని మూడో చరణం కోసం వెతుక్కున్నాను.

వెళ్ళేవాళ్ళు గది బుక్ చేసేటప్పుడే మఠం చూడాలని విడిగా చెప్పండి. లేకపోతే దీవిలో పెంచుతున్న జింకల్నీ, జిరాఫీల్నీ చూపించి వెనక్కి తెచ్చేస్తారు.