కమాన్లలో కుండలు

గోడ కనబడితే చాలు, సారయ్య మధ్యవేలు మడిచి కణుపుతో రెండుసార్లు తడతాడు. తట్టి చెవి ఆనిస్తాడు. చుట్టాల ఇల్లయినా, బస్టాండయినా అంతే.

"డాక్టరు నా నాడి చూస్తాంటే ఈయన దవాఖాన గోడకు నాడి చూస్తాండు" అని భార్య పూలమ్మ నలుగురినీ నవ్విస్తుంది.

సారయ్య డంగు సున్నం మేస్త్రీ. సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం పోసి గానుగలో నూరే పని తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. వరంగల్‌లో ఇప్పుడు ఆ పని దాదాపు ఎవరూ చేయించుకోరు. ఇరవై ఏళ్లుగా ఆయన సిమెంటు పూస్తూ బతికాడు.

అందుకే, బజారు రోడ్డును కొత్తగా తీర్చిదిద్దే ఇంజినీరు నిర్మల పిలిపించిన రోజు సారయ్య ఉతికిన చొక్కా వేసుకున్నాడు. దారికి అడ్డంగా పాత సరాయి, ఒకప్పుడు బాటసారులు దిగిన సత్రం, ఉంది. ఐదు కమాన్లు, వెనక ఐదు గదులు. గట్టిగా ఉంటే ఉంచి రోడ్డును పక్కకు తిప్పుతారు. లేకుంటే కూల్చి ఫుట్‌పాత్, గ్రానైట్ బెంచీలు వేస్తారు. మూడో గదిలో హుసేన్‌బీ ముప్పై ఏళ్లుగా పరుపులు కుడుతోంది.

సారయ్య నిచ్చెనెక్కాడు. కమాన్లన్నీ తట్టాడు.

"కింద మంచిగనే ఉన్నది మేడం. మీదికి పోతే లోపలంత ఖాళీ. వానకు సున్నం కరిగిపోయింది."

"ఒక్కచోట పైపూత గచ్చు ఇప్పి చూద్దామా, పెద్దాయనా?"

"నా చెవి మీద నమ్మకం లేకుంటే నన్నెందుకు పిలిచిన్రు?"

నిర్మల, పనికిరాదని రాసుకుంది.

నెల తిరక్కముందే కూల్చే యంత్రం వచ్చింది. సారయ్య చూడ్డానికి వెళ్లాడు. ఒక పూటలో పడిపోతుందనుకున్నది రెండు రోజులైనా పడలేదు.

"గిది కూలుతదన్న మొనగాడెవడే? నా బండి పండ్లు ఊడుతున్నయి" అన్నాడు డ్రైవరు. సారయ్య రెండడుగులు వెనక్కి జరిగాడు.

మూడో రోజు ఒక కమాను పైభాగం తెరుచుకుంది. లోపల ఖాళీ మట్టి కుండలు. ఒకదాని పక్కన ఒకటి, వరసగా బోర్లించి ఉన్నాయి. మీద బరువు తగ్గాలని ఆనాడు కట్టినవాళ్లే పెట్టినవి. వాటి మధ్య సున్నం రాయిలా ఉంది. సారయ్య తండ్రి గోడలు కట్టాడు, కమాన్లు కట్టలేదు. కుండల సంగతి ఆయనా చెప్పలేదు. కానీ ఒక్క చోట గచ్చు విప్పి ఉంటే తెలిసేది. అరగంట పని.

సాయంత్రం ఇంటికి పోతుంటే హుసేన్‌బీ పిలిచింది. ఇప్పుడు ఆమె పని ఎనుమాముల దారిలో, తోపుడు బండి మీద. గాలికి దూది లేచిపోతోంది. ఒక చేత్తో దాన్ని అదిమి పట్టి, రెండో చేత్తో చాయ్ పోసింది.

"ఫికర్ చేయకు సారన్నా. నువ్వు గట్టిగున్నదనే చెప్పి ఉంటవు. ఆ మేడమే ఎవల మాటో ఇన్నది."

సారయ్య చాయ్ తాగాడు. చెప్పాలనుకున్నాడు. గ్లాసు ఖాళీ అయినా ఇంకా పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకింత పొయ్యాల్నా?"

"వద్దు చెల్లె" అని వచ్చేశాడు.

ఇంట్లో పూలమ్మ అన్నం పెట్టింది. సగం తిని లేచాడు.

మరునాడు పొద్దున్నే ఎనుమాముల దారి పట్టాడు. హుసేన్‌బీ ఇంకా దూది మూట విప్పలేదు. సారయ్య బండి ముందు నిలబడి, సరాయి పనికిరాదన్నది తానేనని చెప్పాడు. ఆమె చేతులు ఆగిపోయాయి. విప్పి చూద్దామని మేడం అడిగితే వద్దన్నదీ తానేనని, ఆ తర్వాత చెప్పాడు.