ఊపిరి బిగబట్టమన్నది ఎవరు?

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదట్నుంచీ నమ్మకం లేదు. విశాఖలో ఒక స్కానింగ్ సెంటర్లో సీటీ టెక్నీషియన్ని. రోజూ మనుషుల్ని పొరలుపొరలుగా చూస్తాను, ఎవరి లోపలా ఆత్మ మాత్రం కనబడలేదని మా ఆవిడ శారదని ఏడిపించేవాణ్ణి.

స్కాన్‌లో ఊపిరి బిగబట్టమని మిషనే చెబుతుంది. కావాలంటే మన మాటలు రికార్డు చేసి పెట్టుకోవచ్చు. కంపెనీవాళ్ల పుస్తకాల తెలుగు మా పేషెంట్లకు ఎక్కడం లేదని శారద చేత చెప్పించాను. శ్రీకాకుళం మనిషి కదా, "ఊపిరి బిగబట్టు నాయినా... ఇంక ఒగ్గెయ్" అని తనకొచ్చినట్టే చెప్పింది.

శారద పోయిన కొన్నాళ్లకు ఆ మిషన్ మార్చేశారు. దాంతోపాటు ఆ గొంతూ పోయింది. కొత్తదాంట్లో ఎవరో మగాయన "దయచేసి శ్వాస ఆపండి" అంటాడు. ఇంటికెళితే ఆ మాత్రం పలకరించే దిక్కు కూడా లేదు నాకు.

మొన్న వేసవిలో వన్ టౌన్‌లో మూటలు మోసే అప్పన్న అనే పెద్దాయన్ని కూతురు తీసుకొచ్చింది. పరగడుపున ఉన్నట్టుండి పడిపోతున్నాడు. తాగి పడుతున్నాడని షాపులవాళ్లు పనిలోకి రానివ్వడం లేదు. రక్తంలో చక్కెర పడిపోతోంది, క్లోమంలో అరుదైన గడ్డ ఉండొచ్చని డాక్టరుగారి అనుమానం. ఉన్నా శనగగింజంతే ఉంటుంది. ఊపిరి కదిలితే బొమ్మ చెదిరిపోయి అది దొరకదు. వేరేచోట తీసిన స్కాన్ అలాగే పాడైంది.

"జొరమొచ్చి సెవులు పోనాయండి. పిడుగు పడినా ఇనపడదు," అంది కూతురు. ఆమె కడుపుతో ఉంది, తోడుగా లోపల ఉంచడానికి లేదు. సైగలతో ఏదో చెప్పి, అద్దానికి ఇవతలికొచ్చి ఆశ లేకుండానే బటన్ నొక్కాను.

ఒక్క బొమ్మా చెదరలేదు. నరంలోకి మందు ఎక్కాక క్లోమం చివర చిన్న చుక్క తెల్లగా మెరిసింది. డాక్టరుగారు వెతుకుతున్నది అదే.

బల్ల దిగుతూనే అప్పన్న గదంతా కలియజూశాడు.

"ఆ అమ్మేది బాబూ? ఊపిరి బిగబట్టు నాయినా, ఇంక ఒగ్గెయ్ అని సెవిలో సెప్పినట్టే సెప్పింది గదా!"

ఇదివరకు ఇక్కడికి వచ్చారా అని కూతుర్ని అడిగాను. ఈ గుమ్మం తొక్కడం ఇదే మొదలట. మిషన్‌లో ఉన్న గొంతులన్నీ వెతికాను. ఆ మగాయన తప్ప ఎవరూ లేరు.

ఆపరేషన్ అయ్యాక పడిపోవడం తగ్గింది. అప్పన్న సింహాచలం ప్రసాదం పట్టుకొచ్చాడు. చెవి చూపించి, మళ్లీ వినబడిందా అని సైగ చేశాను.

"నేదు బాబూ, ఆ ఒక్కపాలే. ఎంత సల్లగుందో ఆ గొంతు!"

అదెలా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. ఆ పెద్దాయన మీద కుళ్లుగా ఉందని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. వచ్చింది శారదే అయితే, అద్దానికి ఇవతల కూర్చున్నది నేనే కదా. నాతో ఒక్క మాటైనా అనకుండా ఎలా వెళ్లిపోయింది?